500 గంటలు పూర్తయ్యాయి సరే, చేస్తుంటే చూసిందెవరు?

బల్ల మీద ఇన్సులిన్ సీసా ఒకటి, సిరంజిలు రెండు పెట్టాను. ఒక సిరంజికి ఎర్ర మూత, ఇంకోదానికి నారింజ మూత. ఎదురుగా ఒక ఆసుపత్రి ఫార్మసీలో ప్రాక్టికల్ ట్రైనింగ్ ముగించి వచ్చిన డి.ఫార్మసీ (ఫార్మసీ డిప్లొమా) అమ్మాయి. "నేనే పేషెంటు అనుకో. 20 యూనిట్లు రాశారు. ఎలా తీసుకోవాలో చూపించి చెప్పమ్మా" అన్నాను.

చేతికి దగ్గరగా ఉన్న నారింజ మూత సిరంజి తీసుకుంది. సీసా మూతిని స్పిరిట్ దూదితో తుడిచింది, గాలి ఎక్కించింది, సీసా తలకిందులు చేసి సరిగ్గా 20 గీత దాకా మందు లాగింది. చెయ్యి వణకలేదు, మాటా తడబడలేదు. కానీ సీసా మీద మిల్లీలీటరుకు 40 యూనిట్లు అని రాసి ఉంది. నారింజ మూత సిరంజి మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే ఇన్సులిన్ కోసం చేసింది. అందులో 20 గీత అంటే 0.2 మిల్లీలీటరు. ఆ అమ్మాయి సిరంజిలోకి వచ్చింది 8 యూనిట్లే. ఇదే తప్పు తిరగబడి, 100 యూనిట్ల ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు ఒంట్లోకి పోతాయి. మొదటి తప్పుకి షుగర్ దిగదు. రెండో తప్పుకి మనిషి ఉన్నచోటే పడిపోతాడు.

తర్వాత వచ్చిన అబ్బాయి తిరుపతి బస్టాండు వైపు ఒక మెడికల్ షాపులో ట్రైనింగ్ చేశాడు. తడుముకోకుండా ఎర్ర మూతదే తీసుకున్నాడు. ఎందుకని అడిగితే "షాపులో సీసాకి ఇదే ఇస్తాం సార్" అన్నాడు. 100 యూనిట్ల సీసా ఇచ్చినా అదే సిరంజి తీసుకునేవాడన్నమాట. కానీ అదే అబ్బాయి చేతికి పది మాత్రల స్ట్రిప్ ఇచ్చి నాలుగు కోయమంటే, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న చివరను వదిలేసి రెండో చివర నుంచి కోశాడు. మిగిలిన ముక్క షాపులోనే ఉంటుంది కదా, దాని మీద తేదీ ఉండాలి. కొన్నవాళ్లకి బిల్లు మీద బ్యాచ్, తేదీ రాసివ్వాలి. ఇది ఆ అమ్మాయికి తెలియదు. ఆసుపత్రిలో స్ట్రిప్ కోసే పని ఆమెకు రాలేదు.

ఒకే కాలేజీ, ఒకే బ్యాచ్. ఇద్దరి సర్టిఫికెట్ల మీదా 500 గంటలు. రెండింటి మీదా సంతకం, ముద్ర. ఈ రెండు కాగితాలు ఒకటే విలువ చేస్తాయని మనం ఏ ధైర్యంతో అంటున్నామో చాలా ఏళ్లుగా నాకు అర్థం కాని సంగతి. నేను ఫార్మసీ ప్రాక్టీస్ చెప్పే టీచర్ని, పిల్లల్ని ట్రైనింగ్‌కి పంపించే బాధ్యత కూడా నాదే, కాబట్టి ఆ కాగితాల్లో నా సంతకమూ ఉంది.

రూల్స్ ఏం చెబుతున్నాయి

రూల్స్ లేక ఇలా జరగడం లేదు. 1948 ఫార్మసీ చట్టం కింద ఏర్పడిన ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, డి.ఫార్మసీకి 1991లో తెచ్చిన నిబంధనల్లోనే 500 గంటల ట్రైనింగ్ పెట్టింది. మూడు నెలలకు తగ్గకూడదు, అందులో కనీసం 250 గంటలు ప్రిస్క్రిప్షన్ చూసి మందులిచ్చే పనిలోనే గడపాలి అంది. 2020లో కొత్త నిబంధనలు వచ్చినా ఆ 500 అలాగే ఉంది. బి.ఫార్మసీ వాళ్లకి ఆరో సెమిస్టర్ అయ్యాక నాలుగు వారాల్లో 150 గంటలు. 2008లో మొదలైన ఫార్మ్.డి. (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ)లో ఆరో సంవత్సరం మొత్తం ఇంటర్న్‌షిప్: ఆరు నెలలు జనరల్ మెడిసిన్‌లో, తర్వాత మూడు వేరే విభాగాల్లో రెండేసి నెలలు.

1991 నిబంధనల్లోనే ఇంకో మంచి మాట ఉంది. ఒక రిజిస్టర్డ్ ఫార్మసిస్టు ఉన్నచోట ఇద్దరికి మించి విద్యార్థుల్ని తీసుకోకూడదు. ఇంకో ఫార్మసిస్టు ఉంటే ఇంకొక్కరు. దీన్ని రాసినవాళ్లకి అసలు సంగతి తెలుసు. నేర్చుకునేవాడి పక్కన నేర్పేవాడు నిలబడాలి, ఒక మనిషి ఎంతమంది పక్కన నిలబడగలడు?

అయితే మన చేతికొచ్చే కాగితంలో మిగిలేది గంటలు మాత్రమే. ఎందుకంటే గంటల్ని లెక్కపెట్టడం సులువు. ఆ గంటల్లో ఏం జరిగిందో లెక్కపెట్టడం కష్టం.

తేడా ఎక్కడ పుడుతుంది

మొదటి తేడా కౌంటర్ దగ్గరికి వచ్చే పనిది. తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రి ఓపీ వేళల్లో ఆ చుట్టుపక్కల షాపుల్లో నిలబడిన పిల్లాడికి కనబడినన్ని మందుల చీటీలు, ఊరి చివర కాలనీ షాపులో కూర్చున్న పిల్లాడికి కనబడవు. గంటకి ఇరవై చీటీలు వచ్చేచోట 250 గంటలు అంటే 5,000 చీటీలు. గంటకి రెండు వచ్చేచోట 500. అలాగని ఎక్కువ వచ్చిందే మంచి చోటని అనుకోకూడదు. ఎక్కువ రద్దీ ఉన్నచోట పిల్లాడికి ర్యాక్ నుంచి డబ్బాలు తీసి అందించే పనే మిగులుతుంది. పేషెంటుతో మాట్లాడే నిమిషం దొరకదు. నా అనుభవంలో మధ్యస్థంగా నడిచే షాపులే పిల్లలకి ఎక్కువ నేర్పాయి.

మన తిరుపతికి ఇంకో ప్రత్యేకత ఉంది. ఇక్కడి కౌంటర్ ముందు నిలబడే వాళ్లలో సగటు ఊళ్లో కనబడని రకాలు కనబడతాయి. కొండకి వచ్చి బీపీ మాత్రలు ఇంట్లో మర్చిపోయిన యాత్రికుడు, చీటీ లేకుండా ఖాళీ స్ట్రిప్ ముక్క ఒకటి చూపిస్తాడు. దాని మీద మందు పేరు సగమే ఉంటుంది. అది ఏ మందు, ఎంత మోతాదు? ఒకే పేరుతో మొదలై ఒక్క అక్షరం తేడాతో ఉండే బ్రాండ్లు ఎన్ని? ఫోన్ చేసి ఇంట్లో వాళ్లని డబ్బా ఫోటో పంపమనాలా, డాక్టర్ దగ్గరికి పంపాలా? తమిళ యాత్రికులు ఎక్కువగా వచ్చే పెరటాసి నెలలో (సెప్టెంబర్-అక్టోబర్) ఇలాంటివాళ్లు వరసగా వస్తారు. ఆ నెలలో ట్రైనింగ్ పడిన పిల్లాడు ఇవన్నీ చూస్తాడు, వేరే నెలల్లో పడినవాడికి ఇంత దొరకదు. పుత్తూరు, నగరి, సత్యవేడు వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లలో తమిళమే సులువుగా వచ్చేవాళ్లు చాలామంది. "పరగడుపున వేసుకోవాలి" అని తెలుగులో చెప్పి, వాళ్లు తల ఊపగానే అర్థమైందని సరిపెట్టుకోవడం మన పిల్లలు చేసే అతి పెద్ద తప్పు.

రెండో తేడా పక్కన ఉండే ఫార్మసిస్టుది. మేం ప్రిసెప్టర్ అంటాం. ఆయనకి ఈ పనికి ఎవరూ జీతం ఇవ్వరు, ఎలా నేర్పాలో ఎవరూ చెప్పరు. కాలేజీ నుంచి ఒక లెటర్ వస్తుంది, ఇద్దరు పిల్లలు వస్తారు, అంతే. కొందరు పుట్టుకతో టీచర్లు. నాకు తెలిసిన ఒకాయన ప్రతి చీటీని కిందపెట్టి "ముందు నువ్వు చదువు. ఇందులో నాకు చెప్పాల్సింది ఏమైనా ఉందా?" అని అడుగుతాడు. ఇంకోచోట మా విద్యార్థిని ఒకరు మూడు నెలలూ స్టాకు ఎంట్రీ చేస్తూ, మధ్యాహ్నం పూట బిల్లులు సర్దుతూ గడిపింది. ఆ అమ్మాయి లాగ్‌బుక్‌లో మాత్రం రోజూ "పేషెంట్ కౌన్సెలింగ్" అని ఒకే చేతిరాతతో, ఒకే ఇంకుతో ఉంది. చివరి వారంలో ఒకేసారి కూర్చుని మొత్తం రాసిందని చూడగానే తెలుస్తుంది. ఆమెను తప్పుపట్టలేం. రాయకపోతే సంతకం రాదు, సంతకం లేకపోతే రిజిస్ట్రేషన్ ఆగుతుంది. ఆ టెన్షన్‌లో ఎవరైనా రాస్తారు.

మూడో తేడా గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, నా దృష్టిలో చిక్కంతా అక్కడే ఉంది. అది మార్కులు వేసే కన్ను.

ఒకే వీడియో, తొమ్మిదికీ నాలుగుకీ మధ్య

ఒక ఆదివారం ఆరుగురు ప్రిసెప్టర్లని కాలేజీకి పిలిచాం. ఒక విద్యార్థి ఒప్పుకుని తీయనిచ్చిన నాలుగు నిమిషాల ఫోన్ వీడియో చూపించాం. అందులో ఆ అబ్బాయి ఆస్తమా ఉన్న పెద్దాయనకి ఇన్‌హేలర్ ఎలా వాడాలో చెబుతున్నాడు. పక్కవాళ్ల కాగితం చూడకుండా పదికి మార్కులు వేయమన్నాం. ఒకరు 9 వేశారు, ఒకరు 4 వేశారు. మిగతావాళ్లు మధ్యలో.

9 వేసిన ఆవిడని అడిగాం. "ఎంత మర్యాదగా మాట్లాడాడు సార్, పెద్దాయన్ని కూర్చోబెట్టి మరీ చెప్పాడు" అన్నారు. 4 వేసినాయన "కౌంటర్లో నాలుగు నిమిషాలా? వెనక పది మంది నిలబడి ఉంటారు" అన్నారు. ఇంకొకాయన ఊపిరి బిగబట్టే దగ్గర ఆగిపోయారు. మందు లోపలికి పీల్చాక పది సెకన్ల దాకా ఊపిరి బిగబట్టాలని అబ్బాయి చెప్పలేదు, ఆయన దానికే మూడు మార్కులు కోసేశారు. నిజానికి ఆ వీడియోలో అంతకన్నా పెద్ద లోపం ఇంకోటి ఉంది. "ఇప్పుడు మీరు చేసి చూపించండి తాతా" అని అబ్బాయి అడగనే లేదు. దాన్ని ఆరుగురిలో ఇద్దరే పట్టుకున్నారు.

వీళ్లలో ఎవరూ నిర్లక్ష్యంగా మార్కులు వేయలేదు. ఒక్కొక్కరు ఒక్కో దాన్ని కొలిచారు. అలాంటప్పుడు ఒక షాపులో వచ్చిన 9, ఇంకో షాపులో వచ్చిన 4 పక్కపక్కన పెట్టి ఒకరికి బాగా వచ్చు, ఒకరికి రాదు అనడానికి లేదు.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి, ఎందుకంటే "మా పరీక్షకుల మార్కులు బాగానే కలుస్తున్నాయి" అనే మాట తరచుగా వింటుంటాం. ఇద్దరు పరీక్షకులకి పదిమందిలో తొమ్మిది మందిని పాస్ చేసే అలవాటు ఉందనుకుందాం. ఇద్దరూ పిల్లల్ని చూడకుండా, కళ్లు మూసుకుని వేసినా, నూటికి 81 సార్లు ఇద్దరూ పాస్ అంటారు, ఒకసారి ఇద్దరూ ఫెయిల్ అంటారు. అంటే 82 శాతం ఏకాభిప్రాయం చూడకుండానే వచ్చేస్తుంది. 1960లో జేకబ్ కోహెన్ అనే శాస్త్రవేత్త కప్పా అనే కొలత ఇచ్చింది ఇందుకే. కాకతాళీయంగా కలిసే భాగాన్ని తీసేస్తే, నిజంగా ఒకే కంటితో చూసి కలిసింది ఎంత అని అది చెబుతుంది. అందరినీ పాస్ చేసే చోట మార్కులు కలవడం మంచి గుర్తు కాదని ఈ లెక్క తెలిసినవాళ్లు వెంటనే ఒప్పుకుంటారు.

ఆ ఆదివారం గంటన్నర మాట్లాడుకున్నాం. 9 అంటే ఏం కనబడాలి, 4 అంటే ఏం లోపించాలి, ఏ తప్పు జరిగితే మిగతాదంతా ఎంత బాగున్నా పాస్ చేయకూడదు. తర్వాత రెండో వీడియో చూపిస్తే మార్కులు 6కీ 8కీ మధ్య వచ్చాయి. ఖర్చు ఆరు టీలు, ఆరు సమోసాలు. కొత్త ల్యాబ్ కట్టడం కన్నా ముందు ఏ కాలేజీ అయినా చేయాల్సిన పని ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తుంది.

స్టేషన్ల పరీక్షతో సరిపోతుందా

చాలామంది చెప్పే మందు ఇంకోటి ఉంది: ట్రైనింగ్ ఎక్కడ చేసినా చివర్లో అందరికీ ఒకే ప్రాక్టికల్ పరీక్ష పెట్టేద్దాం. 1975లో స్కాట్లాండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ మెడికల్ విద్యార్థుల కోసం మొదలుపెట్టిన ఓస్కీ పద్ధతి ఇదే. వరసగా గదులో, బల్లలో ఉంటాయి, వాటినే స్టేషన్లు అంటారు. ఒక్కోచోట ఒక్కో పని, అందరికీ అదే పేషెంటు పాత్ర, అదే సమయం, అదే మార్కుల కాగితం. గంట కొట్టగానే పక్క బల్లకి వెళ్లాలి. వైవాలో (నోటి పరీక్షలో) ఒకరికి తేలికైన పారాసిటమాల్, ఇంకొకరికి చిక్కైన గుండె మందు డిగాక్సిన్ పడే అదృష్టం ఆట ఇందులో ఉండదు.

ఈ పద్ధతి నాకు ఇష్టం. నా ఇన్సులిన్ బల్ల దానికి చిన్న నకలే. కానీ రెండు సంగతులు మర్చిపోకూడదు. ఇన్సులిన్ బాగా చెప్పినవాడు ఇన్‌హేలర్ కూడా బాగా చెబుతాడని నమ్మకం లేదు. ఒక పనిలో నైపుణ్యం ఇంకో పనిలోకి అంత తేలిగ్గా పాకదు. అందుకే రెండు మూడు బల్లలు పెట్టి తీర్పు చెప్పడం తప్పు, చాలా బల్లలు కావాలి. ఇక రెండోది ఇంకా ముఖ్యమైనది. 1990లో వైద్యవిద్య నిపుణుడు జార్జ్ మిల్లర్ ఒక మెట్ల బొమ్మ గీశాడు. కింద మెట్టు: తెలుసు. దాని పైన: ఎలా చేయాలో తెలుసు. ఆ పైన: చేసి చూపించగలడు. అన్నిటికన్నా పైన: ఎవరూ పరీక్ష పెట్టకపోయినా రోజూ పనిలో అలా చేస్తాడు. రాత పరీక్షలు కింది రెండు మెట్ల దగ్గర ఆగుతాయి. 2022 నిబంధనలతో డి.ఫార్మసీకి వచ్చిన ఎగ్జిట్ పరీక్ష కూడా బహుళైచ్ఛిక ప్రశ్నలదే, దాని పరిధి అంతే. స్టేషన్లు మూడో మెట్టు దాకా తీసుకెళ్తాయి. నాలుగో మెట్టు కనబడేది కౌంటర్ దగ్గర, వార్డులో. అంటే మళ్లీ ప్రిసెప్టర్ దగ్గరికే రావాలి.

అయితే కొన్ని పనులకి కౌంటర్‌ని నమ్ముకోకూడదు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. 500 గంటల్లో ఒక విద్యార్థికి ఆ చీటీ ఒక్కసారి కూడా రాకపోవచ్చు. వచ్చేదాకా ఆగి నేర్పుదామంటే కుదరదు. ఇలాంటి అరుదైన, ప్రమాదమైన వాటిని కాలేజీలోనే ఉత్తుత్తి చీటీలతో అందరికీ చేయించాలి. వారంలో ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద రాసి, ఆ రోజు పేరు పేషెంటు నోటితో చెప్పించేదాకా వదలకూడదు. రోజూ వచ్చేవి కౌంటర్ దగ్గర నేర్చుకుంటారు. పిల్లల యాంటీబయాటిక్ పొడి సీసాలో కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా పోయడం, బాగా కుదిపి, నురగ తగ్గాక గీత కన్నా కిందికి దిగితే మళ్లీ పోయడం లాంటివి షాపులోనే చేతికి వస్తాయి.

అన్ని చోట్లూ ఒకేలా ఉండాలని కాదు

నాణ్యత ఒకేలా ఉండాలంటే అన్ని ట్రైనింగ్ చోట్లూ ఒకేలా ఉండాలని కొందరు అనుకుంటారు. అది జరగదు, జరగాల్సిన అవసరమూ లేదు. స్విమ్స్ లాంటి పెద్ద ఆసుపత్రిలో కనబడేది వీధి షాపులో కనబడదు, షాపులో కనబడేది అక్కడ కనబడదు. ఎక్కడికి వెళ్లినా తప్పకుండా చేయాల్సిన పనులు కొన్ని ఖాయం చేసుకోవాలి. అవి చేస్తుండగా ఒక మనిషి పక్కన నిలబడి చూడాలి. చూసినవాళ్లందరి కొలబద్ద ఒకటే కావాలి.

మేం పన్నెండు పనులు ఎంచుకున్నాం. చీటీ చదివి మోతాదు సరిచూడటం, హెచ్1 (విడిగా రికార్డు రాయాల్సిన మందుల జాబితా) మందు ఇచ్చినప్పుడు రిజిస్టర్ రాసి మూడేళ్లు ఉంచాలని తెలిసి రాయడం, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన మందుని ఇంటికి ఎలా తీసుకెళ్లాలో చెప్పడం, ఇలాంటివి. లాగ్‌బుక్‌లో ఒక్కో పనికి ఒక్కో పేజీ. ప్రతి పనినీ మూడుసార్లు ఎవరైనా చూడాలి, మూడుసార్లూ ఒకే మనిషి చూడకూడదు. అన్నిటికీ ఆయనే సంతకం పెడితే ఆయన మంచితనమో కఠినత్వమో ఆ పిల్లాడి జాతకం అయిపోతుంది.

పదికి మార్కులు కూడా తీసేశాం. 2005లో ఓలె టెన్ కేట్ అనే డచ్ ప్రొఫెసర్ వైద్యవిద్యలో తెచ్చిన ఆలోచన ఒకటి ఉంది: మార్కులు వద్దు, ఈ పనిని ఇతనికి ఎంతవరకు అప్పజెప్పగలవో చెప్పు. మేం దాన్ని మా మాటల్లోకి దించుకున్నాం. పక్కన నిలబడి చూడాల్సిందే, పిలిస్తే వచ్చేంత దూరంలో ఉంటే చాలు, చేశాక ఒకసారి సరిచూస్తే చాలు. చట్టప్రకారం మందులిచ్చేటప్పుడు రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పర్యవేక్షణ ఎలాగూ ఉండాలి, కాబట్టి పూర్తిగా వదిలేసే గడి ఇందులో లేదు. మార్కులు వేయమంటే మొహమాటపడే షాపు ఫార్మసిస్టులు ఈ ప్రశ్నకి మాత్రం ఠక్కున నిజం చెబుతున్నారు. "మంచోడే సార్, కానీ పిల్లల మందుల దగ్గర నేను పక్కనుండాలి" అని ఒకాయన రాశారు. 7 మార్కులు అని ఉంటే ఈ సంగతి నాకు తెలిసేదే కాదు. మరుసటి వారం ఆ అబ్బాయిని కూర్చోబెట్టి బరువుని బట్టి మోతాదు లెక్కలు చేయించాం.

ఫార్మ్.డి. ఇంటర్న్‌షిప్‌కీ ఇదే వర్తిస్తుంది. అక్కడ గంటలు ఎక్కువ, కానీ వార్డు రౌండ్స్‌లో డాక్టర్ వెనక ఎనిమిదో వరసలో నిలబడి కేస్ షీట్ కాపీ చేసుకునే ఏడాది కూడా కాగితం మీద పన్నెండు నెలలే అవుతుంది. ఆ విద్యార్థి మందుల్లో ఒక సమస్య పట్టుకుని డ్యూటీ డాక్టర్‌తో మాట్లాడుతుంటే ఎవరైనా విన్నారా అన్నదే అడగాలి.

ఇంకా తేలనిది ప్రిసెప్టర్ సమయం. విద్యార్థి ఫీజులోంచి ట్రైనింగ్ ఇచ్చే చోటికి ఎంతో కొంత ఇవ్వాలని నేను అడుగుతూనే ఉన్నాను, ఇంకా దారి దొరకలేదు. డబ్బు లేకపోయినా గౌరవం ఇవ్వొచ్చు కదా అని ఏడాదికి రెండుసార్లు పిలిచి కూర్చోబెడుతున్నాం, నెలకోసారి నేనే షాపులకి వెళ్తున్నాను. వెళ్లినప్పుడు పిల్లాడితో విడిగా మాట్లాడతాను: "ఈ వారం నువ్వు చేస్తుంటే ఎవరైనా చూశారా? చూసి ఏం చెప్పారు?" రెండో ప్రశ్నకి జవాబు లేకపోతే ఆ చోటి గురించి ఆలోచించాల్సిందే. అలా రెండు చోట్లకి పిల్లల్ని పంపడం మానేశాం.

కొత్త పద్ధతి గురించి మొదటిసారి చెప్పినప్పుడు బస్టాండు వైపు షాపాయన అంతా విని, లాగ్‌బుక్ తిరగేసి చూసి ఇలా అన్నారు: "రోజూ పది నిమిషాలంటే చేస్తాను సార్. సాయంత్రం ఆరు తర్వాత మాత్రం నన్ను అడగొద్దు, అప్పుడు నాకు ఊపిరాడదు." అందుకే ఆయన షాపులో చూసి సంతకం పెట్టే వేళ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు అని లాగ్‌బుక్ మొదటి పేజీలోనే రాశాం. మిగతా షాపుల వాళ్లని కూడా ఒక్కొక్కరినీ వాళ్లకి వీలయ్యే వేళ అడిగి రాసుకుంటున్నాను.